ట్రమడాల్ నుంచి మార్ఫిన్‌కి, మార్ఫిన్ నుంచి ప్యాచ్‌కి: మారిన మొదటి వారం

ట్రమడాల్ ఆపి మార్ఫిన్ మొదలుపెట్టిన రెండో రోజో మూడో రోజో చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది: "ఈ మందు పడట్లేదు, పాతదే నయం." క్యాన్సర్ నొప్పికి మందు మార్చిన వారంలో ఏ ఇబ్బంది వచ్చినా కొత్త మందు ఖాతాలోనే రాసేస్తాం. నిజానికి ఆ రోజుల్లో ఒంట్లో మూడు సంగతులు ఒకేసారి నడుస్తుంటాయి. పాత మందు దిగిపోతుంటుంది, కొత్తది ఎక్కుతుంటుంది, అసలు నొప్పి ఎక్కడిదక్కడే ఉంటుంది. చెమటలు, వికారం, కాళ్లు ఒకచోట నిలవకపోవడం, నిద్ర పట్టకపోవడం ఈ మూడింట్లో దేనివల్లనైనా రావచ్చు. కొత్త మందు ఎక్కువైతే తగ్గించాలి. నొప్పికి చాలకపోతే పెంచాలి. పాతది ఒక్కసారిగా మానేసిన తిప్పలైతే దాన్ని మెల్లగా దించాలి. ఏది ఏదో తేలకుండా మాత్రలు ఆపేసినా, అదనంగా వేసేసినా పరిస్థితి ముదురుతుంది.

తేల్చడానికి స్కానింగులేవీ అక్కర్లేదు. గోడ గడియారం, ఒక రూళ్ల నోటుబుక్కు చాలు. మాత్ర వేసిన టైము, ఎన్ని మిల్లీగ్రాములు, అప్పటి నొప్పి పదికి ఎంత, గంట తర్వాత ఎంత, మగత ఉందా, వాంతి అయిందా, విరేచనం ఎప్పుడయింది అన్నవి రాయండి. ఇంట్లో ఎవరు మాత్ర వేస్తే వాళ్లే అప్పటికప్పుడు రాయాలి. "నేను వేశాననుకుంది, తను వేసిందనుకున్నాను" అనే గొడవల్లోంచే డబుల్ డోసులు పుడతాయి.

మామూలు మార్ఫిన్ మాత్ర (పన్నెండు గంటలపాటు మెల్లగా దిగే ఎస్.ఆర్. రకం కాదు) అరగంటలో పనిలోకి దిగుతుంది, గంట ప్రాంతంలో బలంగా ఉంటుంది, నాలుగు గంటలకు సత్తువ తగ్గిపోతుంది. కాబట్టి మాత్ర వేసిన గంటకు మగతో వికారమో ఎక్కువై, తర్వాతి మాత్ర వేళకు తేరుకుంటుంటే అది మార్ఫిన్ పని. అలాకాక, మాత్ర వేళ దగ్గరపడేకొద్దీ నొప్పి, చెమటలు, చిరాకు, ఆవలింతలు మొదలై, వేసిన అరగంటకు సర్దుకుంటే మందు చాలట్లేదని. మాత్ర టైముతో పొంతన లేకుండా రోజంతా ఒకేలా ఉంటే వేరే చోట వెతకాలి: ఆపేసిన ట్రమడాల్, కదలని కడుపు, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, రక్తంలో సోడియం పడిపోవడం, కాల్షియం పెరగడం.

ఇక్కడ చెప్పే లెక్కలన్నీ పెద్దవాళ్లకు సంబంధించినవి. డోసు రాసేది డాక్టరే. రాసిన అంకె ఎందుకలా ఉందో తెలిస్తే ఇంట్లో దాన్ని చెడగొట్టకుండా ఉంటారు, తేడా వస్తే త్వరగా పట్టుకుంటారు.

ట్రమడాల్ రోజుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే నొప్పి పెద్దగా తగ్గదు గానీ ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఆ 400తో కూడా నొప్పి ఆగనప్పుడు మార్ఫిన్‌కి మారుస్తారు. క్యాన్సర్ నొప్పి వైద్యంలో సాధారణంగా పది ట్రమడాల్‌కి ఒక మార్ఫిన్ అని లెక్క వేస్తారు, అంటే 400కి 40. అయినా చాలామందికి మొదట 5 మిల్లీగ్రాములు (10 మిల్లీగ్రాముల మాత్రలో సగం) నాలుగు గంటలకోసారి రాస్తారు. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10కి. రాత్రి డోసు రెట్టింపు వేస్తే అర్ధరాత్రి 2కి లేపక్కర్లేదు. మొత్తం 30. చూడటానికి తక్కువగా ఉంటుంది, కానీ అది కావాలని తగ్గించిందే. ఒళ్లు ఒక మందుకు అలవాటు పడినంత మాత్రాన ఇంకో మందుకూ అంతే అలవాటు పడినట్టు కాదు. అందుకే బలమైన నొప్పి మందుల్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినప్పుడు లెక్కలో వచ్చిన అంకెలో నాలుగో వంతు నుంచి సగం దాకా కోసి మొదలుపెడతారు. ముసలివాళ్లకు, కిడ్నీ బాగాలేనివాళ్లకు ఇంకా తక్కువ, ఇంకా ఎడం.

తక్కువతో మొదలుపెట్టారు కాబట్టే మధ్యలో నొప్పి లేస్తే వేసుకోవడానికి అదనపు డోసు రాస్తారు. అది సాధారణంగా రోజు మొత్తంలో ఆరో వంతు. 30కి 5. చీటీలో ఆ లైను లేకపోతే ఓపీ గదిలోంచి బయటికి రాకముందే అడగండి. అదనపు డోసు వేశాం కదా అని తర్వాతి మామూలు డోసు మానకూడదు. రోజుకు ఎన్నిసార్లు అదనం పడిందో నోటుబుక్కులో ఉంటే, తర్వాత డోసు ఎంత పెంచాలో డాక్టరు దాన్నిబట్టే చెబుతారు. అదనపు డోసు రాయించుకోకుండా ఇంటికొచ్చి, రాత్రి నొప్పికి తట్టుకోలేక అలమారాలో మిగిలిన ట్రమడాల్ షీటు తీసి రెండూ కలిపి వేసేయడం ఈ మార్పులో ఎక్కువగా జరిగే తప్పు.

ట్రమడాల్‌ని మాన్పించడం మార్ఫిన్‌ని మాన్పించినట్టు ఉండదు. అది సగం నల్లమందు జాతి మందులా, సగం డిప్రెషన్ మాత్రలా పనిచేస్తుంది. మెదడులో సెరటోనిన్‌నీ నారాడ్రినలిన్‌నీ నిలిపి ఉంచుతుంది. మార్ఫిన్ వేయగానే మొదటి సగానికి బదులు దొరుకుతుంది, రెండో సగానికి దొరకదు. నెలల తరబడి రోజుకు 300, 400 వాడినవాళ్లకు మార్ఫిన్ సరిపోతున్నా సరే, ఒకటి రెండు రోజుల్లో గాభరా, పీడకలలు, చర్మం మీద జివ్వుమనడం, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం రావచ్చు. దానికి మార్ఫిన్ పెంచితే మగత పెరుగుతుందే తప్ప గాభరా పోదు. ట్రమడాల్‌ని కొన్ని రోజులకో 50 చొప్పున దించమంటారా, ఒకేసారి ఆపమంటారా అన్నది మారే రోజునే అడగాలి. ఎస్సిటలోప్రామ్ లాంటి డిప్రెషన్ మాత్రలు కూడా వాడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ట్రమడాల్‌తో కలిస్తే సెరటోనిన్ మరీ ఎక్కువై వణుకు, జ్వరం, కండరాలు బిగుసుకోవడం రావచ్చు.

అల్ట్రాసెట్‌లో ట్రమడాల్ ఉందని చాలామందికి తెలియదు. ఒక్కో మాత్రలో 37.5 ట్రమడాల్, 325 పారాసెటమాల్ ఉంటాయి. రోజుకు నాలుగు వేసుకునే మనిషికి వాటిని ఆపి ఒట్టి మార్ఫిన్ ఇస్తే, 1300 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కూడా చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. ఎముకకు పాకిన క్యాన్సరులో అది తెలుస్తుంది. "కొత్త మందుతో నొప్పి ఎక్కువైంది" అన్న ఫిర్యాదు వెనక కొన్నిసార్లు ఉండేది ఇదే. పారాసెటమాల్ విడిగా కొనసాగించాలా అని అడగండి. దానికి వ్యతిరేకమైన తప్పూ ఉంది: డోలో ఒకపక్క, ఎసిక్లోఫెనాక్ కలిసిన మాత్ర ఇంకోపక్క, అల్ట్రాసెట్ మరోపక్క. మూడింట్లోనూ పారాసెటమాలే. అన్ని షీట్లూ ముందు పెట్టుకుని కూడండి. బాగున్న మనిషికే రోజుకు 4 గ్రాములు హద్దు. బక్కచిక్కినవాళ్లకు డాక్టర్లు అంతకంటే తక్కువ పెడతారు.

మార్ఫిన్ తెచ్చే ఇబ్బందుల్లో వికారం, మగత వచ్చి పోయేవి. మలబద్ధకం వచ్చి ఉండిపోయేది. తేడా తెలియక చాలామంది వారంలో పోయే వికారానికి భయపడి మందు మానేస్తారు, ఎప్పటికీ పోని మలబద్ధకాన్ని పట్టించుకోరు.

వికారం ఎక్కువగా మొదటి వారమే. అందుకే మెటోక్లోప్రమైడ్ 10 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు భోజనానికి ముందు, లేదా హాలోపెరిడాల్ చిన్న డోసు రాత్రిపూట, కొద్ది రోజులకు రాస్తారు. ఈ మందులకు ఒక మెలిక ఉంది. కొందరికి వీటివల్లే కాళ్లు నిలవవు, కూర్చోలేరు, పడుకోలేరు. దాన్ని చూసి పాత మందు మానేసిన తిప్పలనో నొప్పి అనో పొరపడటం తేలిక. వాంతుల మందు ఏ రోజు మొదలైందో, ఈ నిలకడలేనితనం ఏ రోజు మొదలైందో పక్కపక్కన పెట్టి చూడండి. ఆన్‌డాన్‌సెట్రాన్ వాంతులు ఆపుతుంది కానీ కడుపు ఇంకా బిగుస్తుంది. మాత్ర వేసిన ఇరవై నిమిషాల్లోపే వాంతై మాత్ర కనిపిస్తే మళ్లీ వేయాలేమో ఫోను చేసి అడగండి. గంట దాటాక అయితే మందు ఒంట్లోకి వెళ్లినట్టే, మళ్లీ వేయొద్దు.

మగత రెండు మూడు రోజులుంటుంది. అందులో కొంత మార్ఫిన్‌ది, కొంత వారాల తరబడి నొప్పితో పోగొట్టుకున్న నిద్రది. పిలిస్తే కళ్లు తెరిచి, అడిగినదానికి పొంతనగా జవాబు చెప్పి మళ్లీ నిద్రపోతే కంగారు పడక్కర్లేదు. రోజు రోజుకీ తగ్గాల్సింది పెరుగుతుంటేనే అనుమానించాలి. అప్పుడు మొదట చూడాల్సింది మార్ఫిన్‌ని కాదు, దాని పక్కనున్నవాటిని. ప్రెగబాలిన్, గాబాపెంటిన్ లాంటివి "నరాల మాత్ర" పేరుతో విటమిన్‌తో కలిసి వస్తాయి. నిద్ర కోసం ఎవరో ఇచ్చిన అల్‌ప్రజోలం ఉంటుంది. మార్ఫిన్‌తో కలిస్తే ఇవి ఊపిరిని మందగింపజేస్తాయి. తెలంగాణ పల్లెల్లో అయితే కల్లు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. అల్‌ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు పట్టుబడ్డ కేసులు అక్కడ పదే పదే బయటపడ్డాయి. అలాంటి కల్లుకు అలవాటు పడిన పెద్దాయన మార్ఫిన్ మీద ఉండి తాగితే ప్రమాదం ఒకరకం. మందు మొదలుపెట్టామని హఠాత్తుగా కల్లు మాన్పిస్తే ఇంకోరకం: వణుకు, వింత మాటలు, ఫిట్స్ వస్తాయి, అందరూ మార్ఫిన్‌నే తిడతారు.

ఇక మలబద్ధకం. మార్ఫిన్ పేగు కదలికను తగ్గిస్తుంది, మలం ఎక్కువసేపు నిలిచి నీరంతా ఇంకిపోయి రాయిలా అవుతుంది. దీనికి ఒళ్లు ఎన్నాళ్లయినా అలవాటు పడదు. అందువల్ల విరేచనాల మందు మార్ఫిన్ మొదటి మాత్ర రోజునే మొదలవ్వాలి. పేగును కదిలించేది ఒకటి, నీటిని నిలిపేది ఒకటి కావాలి. బిసకోడిల్ 5 మిల్లీగ్రాముల మాత్రలు రాత్రికి ఒకటో రెండో, చాలకపోతే దానికి తోడు లాక్టులోజ్ 15 నుంచి 30 మిల్లీలీటర్లు. లాక్టులోజ్ పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, కడుపు ఉబ్బరిస్తుంది. ఒక రాత్రి తాగించి "పనిచేయలేదు" అనడం తొందరపాటు. "వేడి చేసింది" అని మజ్జిగ, అరటిపండు, సబ్జా గింజలతో సరిపెట్టేవాళ్లున్నారు. మజ్జిగ మంచిదే, నీళ్లు పోతాయి, కానీ పేగు కదలకపోవడానికి అది మందు కాదు. ఇసబ్‌గోల్ మాత్రం వద్దు. అది పనిచేయాలంటే బోలెడు నీళ్లు తాగాలి, పేగు కదలాలి. రోజుకు నాలుగు గ్లాసులు కూడా తాగలేని మనిషి కడుపులో అది ముద్దకట్టి ఇంకా అడ్డం పడుతుంది.

తిండి తినట్లేదు కాబట్టి విరేచనం కాకపోయినా ఫర్వాలేదని అనుకోకండి. తినకపోయినా మలం తయారవుతూనే ఉంటుంది. మూడు రోజులు కాకపోతే నర్సు చేత చూపించి, కింద నుంచి పెట్టే మందో ఎనిమానో వేయించాలి. నాలుగైదు రోజులు అవ్వకుండా ఉండి, ఉన్నట్టుండి నీళ్లలా కొద్దికొద్దిగా కారడం మొదలైతే అది విరేచనాలు కాదు. పైన గట్టిగా అడ్డుపడిన మలం పక్కనుంచి జారుతున్న నీరు. దానికి విరేచనాలు ఆపే లోపరమైడ్ వేస్తే పరిస్థితి చేయి దాటుతుంది. కడుపు ఉబ్బి, మెలిపెట్టే నొప్పి, వాంతులు, గాలి కూడా పోకపోవడం కలిస్తే పేగు మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు ఇంట్లో ఏ విరేచనాల మందూ వేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నోరు ఎండటానికి గుక్కెడు గుక్కెడు నీళ్లు, చిన్న ఐసు ముక్క చాలు. దురద కొందరికే వస్తుంది, చాలావరకు తగ్గిపోతుంది. మూత్రం ఆగి పొత్తికడుపు గట్టిపడితే మాత్రం ఆ పూటే చూపించాలి.

చేతులు, కాళ్లు ఉలిక్కిపడినట్టు జర్కులివ్వడం, గాలిలో దేన్నో పట్టుకోబోవడం, లేనివాళ్లతో మాట్లాడటం కనిపిస్తే అది వేరే సంగతి. మార్ఫిన్ కాలేయంలో విరిగి తయారయ్యే పదార్థాలు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీ నెమ్మదిస్తే అవి పేరుకుంటాయి, మెదడును రేపుతాయి. నిన్నటిదాకా సరిపోయిన డోసు ఇవాళ ఎందుకు ఎక్కువైందంటే చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది. మే నెల ఎండలో రెండు రోజుల వాంతులు చాలు. లేదా బీపీకి టెల్మిసార్టాన్‌తో పాటు నీటి మాత్ర వాడుతున్న మనిషికి ఊళ్లో ఆర్‌ఎంపీ నడుము నొప్పికని డైక్లోఫెనాక్ సూది వేస్తే చాలు. ఆ మూడూ కలిసి కిడ్నీని కుంగదీస్తాయి, కిడ్నీ మార్ఫిన్‌ని నిలబెడుతుంది. జర్కులు చూసి నొప్పనుకుని అదనపు డోసు వేస్తే ఇంకా పెరుగుతాయి. వెంటనే డాక్టరుకు ఫోను చేయండి. కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష, సెలైన్, డోసు తగ్గించడం, అవసరమైతే మందే మార్చడం వాళ్లు చూస్తారు.

అలా మార్చేటప్పుడో, మింగడం కష్టమైనప్పుడో చర్మానికి అంటించే ఫెంటనిల్ ప్యాచ్ రంగంలోకి వస్తుంది. మన దగ్గర నోటి క్యాన్సర్లు ఎక్కువ, ముక్కు గొట్టం మీద ఉన్నవాళ్లూ ఎక్కువ. గొట్టం ఉన్నా మామూలు మార్ఫిన్ మాత్రను నూరి నీళ్లలో కలిపి ఇవ్వవచ్చు. ఎస్.ఆర్. మాత్రను మాత్రం నూరకూడదు, విరవకూడదు. పన్నెండు గంటల మందు ఒక్కసారే దిగుతుంది.

గంటకు 25 మైక్రోగ్రాములు వదిలే ఫెంటనిల్ ప్యాచ్ రోజుకు సుమారు 60 నుంచి 90 మిల్లీగ్రాముల మార్ఫిన్‌తో సమానం. చూడటానికి బొబ్బకు వేసే పట్టీలా ఉంటుంది కాబట్టి చిన్న మందనుకుంటారు. ఇంతకుముందు నల్లమందు జాతి మందులు వాడనివాళ్లకు అది ఊపిరి ఆపగలదు. అంటించాక పన్నెండు గంటలదాకా పెద్దగా ఎక్కదు. అందుకే నాలుగు గంటల మార్ఫిన్ వాడుతుంటే ప్యాచ్ వేశాక కూడా మరో పన్నెండు గంటలు ఆ మాత్రలు కొనసాగించమంటారు. ఎస్.ఆర్. అయితే ఆఖరి మాత్రను, ప్యాచ్‌ను ఒకే వేళకు ఇస్తారు. ఈ వంతెన లేకపోతే మొదటి రాత్రి నరకం, తెల్లారి "ప్యాచ్ దండగ" అన్న తీర్పు.

మార్ఫిన్‌తో పోలిస్తే ఫెంటనిల్ పేగును తక్కువ పట్టుకుంటుంది. మార్చిన మొదటి కొన్ని రోజుల్లో కొందరికి కడుపులో మెలి, విరేచనాలు, చెమటలు, చిరాకు వస్తాయి. నొప్పి అదుపులోనే ఉంటుంది. కలుషిత ఆహారం తిన్నారేమోనని యాంటీబయాటిక్ వేసేవాళ్లున్నారు. అది పేగు మార్ఫిన్ కోసం చేసే మారాం. రాసి ఉన్న అదనపు మార్ఫిన్ డోసు వేస్తే సర్దుకుంటుంది, నాలుగు రోజుల్లో పోతుంది. మలబద్ధకానికి వేస్తున్న మందును కూడా ఆ రోజు సగానికి తగ్గించమంటారేమో అడగండి.

అంటించే చోటు ఛాతీ, వీపు పైభాగం, భుజం. తికమక పడే రోగికి వీపు మీదే, లేకపోతే పీకేస్తారు. ఒట్టి నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. సబ్బు, నూనె, పౌడరు, స్పిరిట్ వద్దు. వెంట్రుకలుంటే కత్తెరతో కత్తిరించాలి, గీయకూడదు. అరచేత్తో అర నిమిషం అదిమి పట్టాలి. మన చెమటకు అంచులు లేస్తాయి, చుట్టూ సర్జికల్ టేపు వేయండి. ప్యాచ్‌ను కత్తిరించకండి. 72 గంటలకు మార్చాలి, వేరే చోట అంటించాలి, అన్నిటికంటే ముందు పాతది తీయాలి. పాతది వీపు మీదే మరిచిపోయి కొత్తది భుజానికి వేస్తే డోసు పెరిగిపోతుంది. తీసినదాంట్లో ఇంకా మందుంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి, పసిపిల్లల చేతికి అందకుండా పారేయాలి.

వేడి తగిలితే ప్యాచ్ లోంచి మందు ఎక్కువగా దిగుతుంది. దాని మీద వేడినీళ్ల సంచి, కాపడం, జండూబామ్ రాసి రుద్దడం వద్దు. జ్వరం వచ్చినా అంతే, 101 దాటితే మగత మీద కన్నేసి ఉంచి డాక్టరుకు చెప్పాలి. ఫంగస్‌కి వాడే ఫ్లూకొనజోల్, యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్ లాంటివి ఫెంటనిల్‌ని ఒంట్లో పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. ఏ కొత్త మందు రాసినా "ఫెంటనిల్ ప్యాచ్ మీద ఉన్నారు" అని చెప్పండి.

మాత్రయినా ప్యాచ్ అయినా ఒక లెక్క అందరికీ రావాలి: నిద్రలో ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో నిమిషం పూర్తిగా లెక్కపెట్టడం. పదికి తగ్గి, గట్టిగా పిలిచినా, భుజం తట్టినా లేవకపోతే, కంటిపాప సూదిమొనలా ఉంటే తర్వాతి డోసు వేయకండి, ప్యాచ్ ఉంటే పీకేయండి, 108కి ఫోను చేయండి. ఆసుపత్రిలో విరుగుడు మందు నాలాక్సోన్ ఇస్తారు. ప్యాచ్ తీశాక మనిషి తేరుకున్నా ఇంటికి తెచ్చేయకూడదు. చర్మం కింద నిలిచిన మందు సగానికి తగ్గడానికే 17 గంటలో అంతకంటే ఎక్కువో పడుతుంది. అందుకే ఒక రోజంతా కనిపెట్టి ఉండాలి.

చివరగా సరుకు సంగతి. మార్ఫిన్ వీధి చివరి మెడికల్ షాపులో దొరకదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టాన్ని 2014లో సవరించాక గుర్తింపు ఉన్న వైద్య సంస్థలు దాన్ని ఉంచుకుని ఇవ్వగలుగుతున్నాయి. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి అలాంటిది. దూరం నుంచి వచ్చేవాళ్లు అక్కడే కౌంటరు దగ్గర లెక్క చూసుకోవాలి. రోజుకు 30 మిల్లీగ్రాములంటే 10 మిల్లీగ్రాముల మాత్రలు మూడు, 15 రోజులకు 45. రోజుకు రెండు అదనపు డోసులు కలిపితే ఇంకో 15. అరవై కావాల్సిన చోట నలభై ఐదుతో బస్సెక్కితే పన్నెండో రోజుకల్లా డబ్బా ఖాళీ. ఆ మర్నాడు వచ్చే ఆవలింతలు, ముక్కు కారడం, కడుపు నొప్పి చూసి "బానిసైపోయాడు" అంటారు. మందు ఆగితే ఒళ్లు అలాగే స్పందిస్తుంది. వ్యసనం వేరు. మారిన రోజునే పాత మందు షీట్లన్నీ ఒక కవరులో పెట్టి, పైన "ఆపేసినవి" అని రాసి, తర్వాతి ఓపీకి తీసుకెళ్లి చూపించి ఏం చేయాలో అడగండి. వాడగా మిగిలిన మార్ఫిన్, ప్యాచ్‌లు ఇచ్చిన చోటే తిరిగి అప్పగించాలి. పక్కింటివాళ్ల నడుము నొప్పికి ఒక మాత్ర కూడా ఇవ్వకండి.